తాళం కన్నంలో ఆకు చుట్టలు

పర్లాకిమిడిలో మా పెరటి తలుపుది పాతకాలం తాళం. నిరుడు సంక్రాంతి వెళ్లాక ఒకరోజు తాళంచెవి లోపలికి దిగలేదు. పిన్నీసుతో కెలికితే పచ్చటి చుట్ట ఒకటి ఊడొచ్చింది. మా నాయనమ్మ కాల్చే చుట్టని ఎవరో వేలెడంత చేసి దాచినట్టుంది. విప్పితే గులాబీ ఆకు ముక్కలు పొరలు పొరలుగా. లోపల పసుప్పచ్చ ముద్ద, దాని మీద చిన్న తెల్లటి గుడ్డు.

మా గులాబీ ఆకుల అంచులు గాజు పెట్టి కత్తిరించినట్టు గుండ్రంగా తెగుతుంటే పురుగు పట్టిందనుకుని, షాపువాడిచ్చిన మందు అప్పటికే రెండుసార్లు కొట్టాను. అది పురుగు కాదు, ఆకులు కోసే తేనెటీగ. కోసిన ఆకు తినదు. గూటి గోడలకి కోలగా, మూతకి గుండ్రంగా ముక్కలు కోసుకుపోతుంది. ఆ మందు డబ్బా తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

దీనికి తేనెపట్టు లేదు, రాణి లేదు, కూలీలు లేరు. ఆడ ఈగ ఒక్కతే అన్నీ చేసుకుంటుంది. పక్కింటి ఒడియా మావుసి "మహుమాఛి!" (తేనెటీగ!) అని తలుపేసుకుంది గానీ, చేత్తో నలిపితే తప్ప ఇది కుట్టదు.

తాళం కన్నం బదులు వేరే ఇల్లు కడదామని మొదట కూల్‌డ్రింక్ స్ట్రాలు కట్టగట్టి పెట్టాను. వానలకి లోపల చెమ్మ చేరి బూజు పట్టింది. తర్వాత వెదురు ముక్కలు జామకొమ్మకి వేలాడదీశాను. గాలికి ఊగడంతో ఒక్క ఈగా వాలలేదు. సంతలో వెదురమ్మే సవర తాతకి చూపిస్తే నవ్వాడు. "కణుపు ఉంచి కొయ్యి బాబూ. రెండు పక్కలా గాలాడే ఇంట్లో ఎవరుంటారు?"

దీపావళి అయ్యాక మళ్లీ మొదలెట్టాను. ఒక చివర కణుపు, 6 నుంచి 8 మిల్లీమీటర్ల కన్నం, జానెడు పొడవు. పేళ్లు రెక్కల్ని చీల్చకుండా మూతి దగ్గర గరుకు కాగితంతో రుద్దాను. తూర్పు గోడకి, చూరు కింద కదలకుండా బిగించాను. పొడవుకీ కారణముంది. తల్లి ఆడ గుడ్లు లోపల, మగ గుడ్లు వాకిలి దగ్గర పెడుతుంది. ఫలదీకరించిన గుడ్డు ఆడది, కానిది మగది. ఏది పెట్టాలో తల్లి ఇష్టమే. గొట్టం పొట్టిదైతే మగపిల్లలే ఎక్కువవుతారు.

కంది పూతకి వచ్చింది. పొద్దున్నే కాఫీ గ్లాసుతో అక్కడే కూర్చునేవాణ్ణి. తేనెపట్టు ఈగలు పుప్పొడిని కాళ్లకి అంటించుకుంటాయి, ఇది పొట్ట కింద వెంట్రుకల్లో మోస్తుంది. గడపకి పసుపు రాసినట్టు పొట్ట మెరుస్తూ వస్తుంది. ముందు తలతో దూరుతుంది, బయటికొచ్చి వెనక్కి తిరిగి మళ్లీ దూరుతుంది, పుప్పొడి దులపడానికి. గుడ్డు పెట్టాక ఆకు మూత వేసి, దాని ముందే ఇంకో గది మొదలు.

ఇరవై గొట్టాల్లో ఏడు నిండాయి. వాటిలో రెండింటికి మట్టి మూతలు పడ్డాయి. అవి కందిరీగలవి, ఒకటి చీల్చి చూస్తే కుట్టి కదల్లేకుండా చేసిన పచ్చ గొంగళ్లు. మొనదేలిన తోక ఉన్న మరో ఈగ గోడ మీదే కాపు కాసేది. తల్లి పుప్పొడికి వెళ్లగానే లోపల దూరి తన గుడ్డు పెట్టేస్తుంది. దాని పిల్ల అసలు పిల్లని చంపి ముద్దంతా తినేస్తుంది. మొదట్లో తోలేవాణ్ణి, తర్వాత మానేశాను. ఎంతసేపని కాపలా కాస్తాం?

నెలన్నర దాటాక ఒక ఎండ పొద్దున మూత కొరుక్కుని మొదటి మగ ఈగ బయటపడింది. వాకిలి పక్కనున్నది వాడే కదా. ఆడవి ఇంకొన్నాళ్లకి వచ్చాయి.

వాటిలో ఒకతి, పదమూడు గొట్టాలు ఖాళీగా ఉన్నా, మళ్లీ తాళం కన్నంలోకే దూరింది. అమ్మ ఇప్పుడు పెరటి తలుపుకి గడియ మాత్రమే పెడుతోంది.