మరేమీ లేని చోట వాలీబాల్

బావగారు డాలస్ నుంచి వచ్చిన సంగతి మొన్న రాశాను కదా. ఈ రాత్రి భోజనాల దగ్గర మా చిన్నది తన వాలీబాల్ క్యాంపు కబుర్లు చెబుతూ, ఇక్కడ నెబ్రాస్కాలోని లింకన్‌లో మన విశ్వవిద్యాలయపు అమ్మాయిలు ఆడే వాలీబాల్ మ్యాచులకు 2001 నుంచి ఒక్కసారి కూడా టికెట్లు మిగిలిపోలేదని గొప్పగా చెప్పింది. ఆయన మాగాయ కలుపుకుంటూనే, “ఇక్కడ చూడటానికి మరేముందమ్మా? మొక్కజొన్న చేలు, ఆవులు. అందుకే ఆడపిల్లల ఆటకైనా జనం ఎగబడతారు” అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. చిన్నది నవ్వలేదు, మిగిలిన అన్నం కూడా తినలేదు.

బావగారు మనసులో ఏదో పెట్టుకుని మాట్లాడే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో ఈ ఇంట్లో నా తరఫున మాట్లాడింది ఆయన ఒక్కరే. అందువల్లే ఆ మాట మరీ గుచ్చుకుంది. పెద్దవారితో భోజనాల దగ్గర వాదన పెట్టుకోవడం ఇష్టంలేక పెరుగు వడ్డించి ఊరుకున్నాను. పడుకోబోయే ముందు చిన్నది “పెదనాన్న చెప్పింది నిజమేనా అమ్మా?” అని అడిగింది. కాదన్నాను. ఎందుకు కాదో చెప్పబోయేసరికి దానికి నిద్ర ముంచుకొచ్చింది; నాకు మాత్రం రావడం లేదు.

అసలు ఇక్కడ మరేమీ లేదన్న మాటే నిజం కాదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి మ్యాచికీ టికెట్లన్నీ అమ్ముడవుతూనే ఉన్నాయి. ప్రతి వేసవిలోనూ కాలేజీ బేస్‌బాల్ తుది పోటీలు ఒమాహాలోనే జరుగుతాయి. చూసేందుకు ఏమీ లేక జనం వాలీబాల్ హాలుకు చేరారనుకుంటే వయోమింగ్‌లోనూ, మోంటానాలోనూ కాలేజీ అమ్మాయిల ఆటకు ఇలాగే హాళ్లు నిండాలి. అక్కడ కూడా పెద్ద లీగుల జట్లేవీ లేవు. మరి నిండటం లేదే! ఆ మాటకొస్తే బావగారు ఉంటున్న టెక్సాస్‌లో ఫుట్‌బాలూ, బాస్కెట్‌బాలూ, బేస్‌బాలూ అన్నీ ఉన్నాయి, అయినా అక్కడి విశ్వవిద్యాలయపు అమ్మాయిలు 2022లోనూ, 2023లోనూ వరుసగా జాతీయ వాలీబాల్ కప్పు గెలిచారు. 2023 ఫైనల్లో వాళ్లు వరుసగా మూడు సెట్లలో ఓడించింది మన జట్టునే. ఆయనకు ఆ సంగతే తెలియదు. తన రాష్ట్రపు ఆడపిల్లలు దేశమంతటినీ గెలిచారని తెలియని మనిషి మా ఊరి జనం ఎందుకు చూస్తున్నారో తేల్చి చెప్పేయడం నాకు సహించరాకుండా ఉంది.

2023 ఆగస్టు 30న ఆయన ఇక్కడ ఉండి ఉంటే బాగుండేది. ఆ బుధవారం విశ్వవిద్యాలయం తరగతులు రద్దు చేసింది. ఫుట్‌బాల్ మైదానం మధ్యలో వాలీబాల్ కోర్టు పరిచారు. దాని వెనక ఒక పంతం ఉంది. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో మనవాళ్లు ఒమాహాలో క్రైటన్ జట్టుతో ఆడినప్పుడు 15,797 మంది వచ్చి మామూలు సీజన్ మ్యాచుల్లో ప్రేక్షకుల రికార్డు నెలకొల్పితే, రెండు వారాలు తిరగకుండానే విస్కాన్సిన్ వాళ్లు 16,833 మందితో దాన్ని చెరిపేశారు. దానికి మన అప్పటి కోచ్ జాన్ కుక్ ఇచ్చిన జవాబు ఈ స్టేడియం మ్యాచు. ఆ సాయంత్రం వచ్చింది 92,003 మంది. రాష్ట్రపు జనాభా మొత్తం 20 లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. స్పెయిన్‌లో బార్సిలోనా మహిళల ఫుట్‌బాల్ మ్యాచుకు 2022లో వచ్చిన 91,648 మంది లెక్కను కూడా మా వాలీబాల్ దాటేసింది.

మేం కూర్చున్నది చాలా పైవరుసలో. అక్కడినుంచి బంతి తెల్లటి చుక్కలా కనిపించేది, ఆటగాళ్ల ముఖాలు తెర మీద తప్ప తెలిసేవి కావు. మా పక్కింటి పెద్దావిడ, మా అందరికీ టికెట్లు సంపాదించి పెట్టిన ఆవిడే, ఒళ్లో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి పాయింటుకూ పెన్సిలుతో గీత గీస్తూ కూర్చున్నారు. స్మాషు పడితే నిలువు గీత, బ్లాకైతే అడ్డగీత, సర్వీసు నేరుగా పాయింటైతే చిన్న సున్నా. మనవాళ్లు కొలిసీయం అనే పాత హాల్లో ఆడే రోజుల నుంచి ఆవిడకు అది అలవాటట. మనవాళ్లు ఒమాహా విశ్వవిద్యాలయపు జట్టును వరుసగా మూడు సెట్లలో ఓడించారు, ఫలితం గురించి ముందే ఎవరికీ అనుమానం లేదు. అయినా ఆఖరి పాయింటు దాకా ఆవిడ ఒక్క గీత కూడా వదల్లేదు. చేయడానికి మరేమీ లేని మనిషి పని అలా ఉండదు.

ఇంతవరకూ రాసి మంచినీళ్లు తాగివచ్చాను. మళ్లీ చదువుకుంటే నా వాదన నాకే పూర్తిగా నిలబడేట్టు కనిపించడం లేదు. బావగారి మాటలో కొంత నిజం ఉంది. మన జట్టులో ఆడిన జోర్డన్ లార్సన్ పెరిగిన హూపర్ జనాభా వెయ్యి కూడా లేని ఊరు. ఆమె టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికాకు తొలి మహిళల వాలీబాల్ స్వర్ణం తెచ్చిన జట్టుకు కెప్టెన్, ఆ పోటీల్లో అత్యుత్తమ క్రీడాకారిణి. అలాంటి ఊళ్లలో శరదృతువు సాయంత్రాల్లో వెలుగుండేది బడి జిమ్నాసియంలోనే. తల్లులు, తాతలు, బ్యాంకు గుమస్తా, ట్రాక్టరు బాగుచేసే మనిషి, అందరూ అక్కడే చేరతారు. ఊళ్లో మరో ఆకర్షణ ఉంటే అందరూ ఒకచోట చేరేవారు కాదేమో. మరేమీ లేకపోవడం కూడా ఒక కారణమేనని ఒప్పుకోవాలి.

ఆంధ్రాలో నేను పెరిగిన మా ఊళ్లో కూడా మరేమీ ఉండేది కాదు. సినిమా చూడాలంటే అవనిగడ్డ వెళ్లాలి. ఊరికున్న వేడుక వాలీబాలే. పంచాయతీ ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో రెండు సరుగుడు కర్రలు పాతి, వాటికి పాత చేపల వల కట్టి, సాయంత్రం నాలుగింటి నుంచి బంతి కనపడనంత చీకటి పడేదాకా ఆడేవారు. సంక్రాంతికి పొరుగూళ్ల జట్లు వచ్చేవి, మైకులో ఎవరో గొంతు పోయేలా లెక్క చెప్పేవారు, మా పెదనాన్న కొడుకు స్మాషుకు బంతి లేపి లిఫ్టు ఇస్తే నాలుగూళ్ల వాళ్లు మెచ్చుకునేవారు. ఆ స్థలానికి ఆనుకునే మా పెరడు. బంతి గోడ దాటి జామచెట్టు కింద పడితే తీసి ఇచ్చే పని నాది. కుట్లు విడిపోయిన చోట తోలు లేచి, లోపలి బ్లాడరు కొంచెం ఉబ్బి కనిపించేది. గోడ అవతలినుంచి “త్వరగా విసురు” అని కేకలు వినపడుతున్నా కాసేపు రెండు చేతుల్లోనూ పట్టుకుని ఉండేదాన్ని.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారు ఆడపిల్లల జట్టు కూడా కడదామన్నారు. పొడుగ్గా ఉన్నవాళ్లను ముందు నిలబెట్టి, నన్ను వెనక వరుసలో పెట్టి, సర్వీసు చేతుల మీదికి ఎలా తీసుకోవాలో నేర్పారు. రెండు బొటనవేళ్లు పక్కపక్కన, మోచేతులు చాపి, మోకాళ్లు వంచి. మొదటి గంట కొట్టకముందే పరికిణీలు ఎగదోపుకుని ఆడేవాళ్లం. ముంజేతులు ఎర్రగా కందిపోతే అమ్మకు కనిపించకుండా చేతులు వెనక పెట్టుకుని తిరిగేదాన్ని. జోనల్ పోటీలకు పేర్లు పంపే వేళకు నిక్కర్లు వేసుకోవాలన్న మాట బయటికి వచ్చింది. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు బడికి వచ్చి వెళ్లారు. మర్నాడు మాకు టెన్నికాయిట్ రింగులు ఇచ్చారు. మాస్టారు మా ముఖాల వంక చూడలేదు. వాలీబాల్ కోర్టు అక్కడే ఉంది, మగపిల్లలు దాంట్లో ఆడుకున్నారు.

బావగారితో చెప్పాల్సిన మాట ఇదే అనుకుంటున్నాను. ఊరు ఖాళీగా ఉంటే చాలదు, ఆ ఖాళీని ఎవరి చేతికి ఇచ్చారన్నది అసలు సంగతి. మా ఊళ్లో స్థలం ఉంది, బంతి ఉంది, చూడటానికి జనం ఉన్నారు, మాకు మాత్రం రింగులు ఇచ్చారు. ఇక్కడ 1972లో చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలేవీ ఆడ, మగ తేడా చూపకూడదని ఆ చట్టం చెప్పింది. 1975లో నెబ్రాస్కా అమ్మాయిల జట్టు మొదలైంది, 1977లో టెర్రీ పెటిట్ కోచ్‌గా వచ్చి 1999 దాకా ఉన్నారు. రాష్ట్రపు పబ్లిక్ టెలివిజన్ ఏళ్ల తరబడి ఈ మ్యాచులను ప్రసారం చేసింది కాబట్టి హాలుకు రాలేని ఊళ్లలో పిల్లలు ఇంట్లోంచి చూసి పెరిగారు. ఆ పిల్లలే తర్వాత జట్టులోకి వచ్చారు. ఈ వరుసలో ఎక్కడ తెగినా మా బడిలో జరిగినట్టే ఇక్కడా జరిగి ఉండేది.

గెలుపు లేకుండా ఇదంతా నిలిచేదా అన్న ప్రశ్న మిగిలే ఉంది, దాన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. 1982 నుంచి ఒక్క ఏడాది కూడా తప్పకుండా జాతీయ పోటీలకు ఎంపికవుతున్న జట్టు ఇది. ఓడిపోయే జట్టును ఇన్నేళ్లు ఎవరు చూస్తారు? కానీ లెక్కలు తీస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. పెటిట్ జట్టు 1986 ఫైనల్లో పసిఫిక్ చేతిలోనూ, 1989 ఫైనల్లో లాంగ్ బీచ్ స్టేట్ చేతిలోనూ ఓడింది. తొలి కప్పు 1995లో గాని రాలేదు. కుక్ బాధ్యత తీసుకున్న మొదటి ఏడాదే, 2000లో, ఆడిన 34 మ్యాచులూ గెలిచి కప్పు తెచ్చారు, ఆపైన 2006, 2015, 2017. ఆ తర్వాత 2018లో స్టాన్‌ఫర్డ్ చేతిలో, 2021లో విస్కాన్సిన్ చేతిలో అయిదేసి సెట్లాడి ఫైనల్ పోగొట్టుకున్నారు. 2023 సంగతి పైన రాశాను. గెలుపు సంప్రదాయం అని ఊరంతా ఎంతో ఇష్టంగా చెప్పుకునే దాంట్లో ఇన్ని ఓటములు ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటీ హాలును ఖాళీ చేయలేదు.

అయినా 2024 డిసెంబరు నాటి సెమీఫైనల్ తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. లూయీవిల్‌లో పెన్ స్టేట్ మీద రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్టులో 22-16తో ముందున్నాం. ఇంకో మూడు పాయింట్లు చాలు. ఆ సెట్టు 28-26తో పోయింది, అయిదోది 15-13తో పోయింది. లెక్సీ రోడ్రిగ్జ్ లాంటి లిబెరోకు కాలేజీ ఆట అక్కడితో ముగిసిపోవడం చూసి చిన్నది వెక్కివెక్కి ఏడ్చింది. పొట్టిగా ఉన్నా వేరే రంగు చొక్కా వేసుకుని వెనక వరుసంతా తానే కాచుకునే లిబెరో అవ్వాలన్న కోరిక దానికి ఆమెను చూసే పుట్టింది. పెన్ స్టేట్ కోచ్ కేటీ షూమేకర్ కాలీ ఆ సీజనంతా క్యాన్సర్ చికిత్స తీసుకుంటూనే జట్టును నడిపారు, తర్వాత ఫైనల్ కూడా గెలిచి ఆ కప్పు గెలిచిన తొలి మహిళా కోచ్ అయ్యారు. ఓడించింది ఆమె కాబట్టి కోపం తెచ్చుకోలేకపోయాను, బాధ మాత్రం అలాగే ఉంది.

ఆ ఫైనల్లో ఓడింది లూయీవిల్ జట్టు, దాని కోచ్ డానీ బస్బూమ్ కెల్లీ. 2025 జనవరిలో కుక్ తప్పుకోగానే ఆవిడే మన జట్టుకు వచ్చారు. నెబ్రాస్కాలో పొలాల మధ్య పెరిగిన మనిషి, ఇక్కడ స్మాషుకు బంతి లేపి ఇచ్చే సెట్టరుగా ఆడి, 2006లో జట్టు కోసం తన స్థానం మార్చుకుని లిబెరోగా కప్పు గెలిచారు. 2015 కప్పు నాటికి ఇక్కడే అసిస్టెంట్ కోచ్. ఆవిడను కుదురుకోనివ్వాలని, మొదటి ఏడాదే కప్పు అడగకూడదని పక్కింటావిడతో నేనే అంటూ ఉంటాను. ఆవిడ ఒప్పుకోరు, 1995కి ముందు ఎదురుచూసిన ఏళ్లు తనకు చాలంటారు. నిజం చెప్పాలంటే నాకు కూడా ఈ డిసెంబరులోనే కావాలని ఉంది. ఈసారి, 2025లో, ఫైనల్ కాన్సాస్ సిటీలో, ఇక్కడినుంచి కారులో మూడు గంటలు. 2017లో అయిదో కప్పు గెలిచింది కూడా ఆ ఊళ్లోనే. టికెట్లు ఎప్పటి నుంచి అమ్ముతారో రేపు పొద్దున మా ఆయన చేత కనుక్కోవాలి.