మెరూన్ క్లౌన్‌కి జోడీ కుదిర్చిన నా అనుభవం

ఉప్పునీటి అక్వేరియంలో పెంచే క్లౌన్‌ఫిష్ అంటే ఎవరి జోలికీ పోని చేప అనుకుంటారు చాలామంది. మామూలు నారింజ రంగు వాటి విషయంలో అది చాలావరకు నిజమే గానీ మెరూన్ క్లౌన్ సంగతి వేరు. ముదురు ఎరుపు ఒంటి మీద మూడు పట్టీలు, రెండు చెంపల మీదా ఒక్కో ముల్లు, ఆడదైతే 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఒక మూల తనది అని తీర్మానించుకుందంటే ఇక అటు ఏ చేపనీ రానివ్వదు, అద్దం తోమడానికి చెయ్యి పెడితే వచ్చి కరుస్తుంది. మా ట్యాంక్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే, అందుకే దానికో జోడీ తేవాలనుకున్నాను.

హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్నది నాలుగడుగుల ట్యాంక్, సుమారు 250 లీటర్లు. జోడీ మాట ఎత్తే ముందు నీళ్లు కుదురుగా ఉండాలి, ఎందుకంటే కొత్త చేప ఎలాగూ నాలుగు దెబ్బలు తింటుంది, ఆ టైమ్‌లో నీళ్లు కూడా తేడాగా ఉంటే తెల్లమచ్చల జబ్బు పట్టుకుంటుంది. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025, వేడి 26 డిగ్రీలు, అమోనియా సున్నా. మన ఎండలకి ఫ్యాన్లు చాలవు, నీళ్లని చల్లబరిచే చిల్లర్ పెట్టాల్సి వచ్చింది. ఆవిరయ్యేది నీళ్లే గానీ ఉప్పు కాదు, కాబట్టి రోజూ తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోస్తాను.

అసలు కిటుకు సైజులో ఉంది. క్లౌన్‌ఫిష్‌లన్నీ మొదట మగవే, వాటిలో పైచేయి సాధించినది ఆడదిగా మారుతుంది, మారాక మళ్లీ వెనక్కి రాదు. నాది పెద్దదై ఎప్పుడో ఆడదైపోయింది, దాని పక్కన ఇంకో పెద్దదాన్ని వదిలితే రెండిట్లో ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. అందుకని షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని అడిగాను. "అన్నా, మరీ చిన్నది, ఆగుతదా దాని ముందు?" అన్నాడు షాపులో కుర్రాడు. చిన్నదే కావాలని చెప్పి, వలతో కాకుండా మగ్గుతో పట్టమన్నాను, వల వేస్తే చెంప ముల్లు దారాల్లో చిక్కుకుని చేప గాయపడుతుంది.

కొన్ని వారాలు వేరే ట్యాంక్‌లో ఉంచి జబ్బేమీ లేదని తేలాక అసలు పని మొదలుపెట్టాను. ముందు రాళ్లన్నీ కదిపి కొత్తగా పేర్చాను, ఆడది కాపురం పెట్టిన మట్టికుండని రెండో వైపుకి జరిపాను, అలా చేస్తే దానికి కూడా ట్యాంక్ కొత్తగా అనిపించి కోపం కొంత తగ్గుతుంది. చిన్నదాన్ని చిల్లులున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపల వేలాడదీశాను. అంతే, ఆడది డబ్బా గోడని టక్ టక్ మని పొడవడం, గది బయటికి కూడా వినిపించేది. నాకైతే టెన్షన్ తగ్గలేదు. కానీ నేను చూస్తున్నది చిన్నదాని వైపు. ఆడది దగ్గరికి రాగానే అది పక్కకి ఒరిగి తల నుంచి తోక దాకా గజగజా వణికేది. అది జబ్బు కాదు, భయమొక్కటే కూడా కాదు, నువ్వే పెద్ద అని ఒప్పుకోవడం. ఆ వణుకు కనబడనంత వరకు డబ్బా తెరవకూడదనేది నా గట్టి అభిప్రాయం, ఎవరెంత తొందరపెట్టినా సరే.

పొడవడం ఆగాక, ఒక రాత్రి లైట్లు తీసేసి వదిలాను. తెల్లారేసరికి చిన్నదాని తోక అంచు చిరిగింది, మేత మాత్రం తింటోంది. రెక్కల చిరుగు కొద్ది రోజుల్లో మానిపోతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. మేత మానేసి, నీటి పైభాగాన ఒక మూల నక్కి ఉంటే మాత్రం వెంటనే విడదీయాలి. మాకు ఆ అవసరం రాలేదు, పోనుపోను చిన్నది కుండ అంచు దాకా, తర్వాత కుండలోకే వచ్చేసింది.

ఇప్పుడు కుండ లోపలి గోడకి నారింజ రంగు గుడ్లు అతికి ఉంటాయి, మగది నోటితో శుభ్రం చేస్తూ రెక్కలతో విసురుతూ వాటినే కనిపెట్టుకుని ఉంటుంది, వారం అటూ ఇటూగా చీకటి పడ్డాక గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో ఆడది సగం ట్యాంక్ తనదే అంటుంది, మిగతా చేపలకి మేత రెండో చివర వేస్తాను. పిల్లల్ని బతికించాలంటే వాటికి మేతగా రోటిఫర్లు అనే కంటికి కనబడనంత చిన్న నీటి జీవుల్ని పెంచాలి, ఆ కల్చర్ బాటిళ్లు మొన్ననే బాల్కనీలో పెట్టాను.