ఏటవాలు ఎండలో గుంటూరు

ప్రకాశం బ్యారేజీ 70 గేట్ల మీద పొద్దు వాలే ఫొటో లేని కెమెరా విజయవాడలో ఉండదు. నా దగ్గరా ఉంది. దానికి వంక పెట్టలేం కానీ రెండోసారి చూడబుద్ధి కాదు. నాకు పగుళ్లిచ్చిన గోడలు, నాచు పట్టిన రాళ్లు, అరిగిన గోనెసంచులు ఇష్టం. వాటికి గొప్ప దృశ్యమేమీ అక్కర్లేదు, పక్క నుంచి పడే ఎండ చాలు. నడినెత్తి మీద సూర్యుడుంటే రాయి చదునుగా కనిపిస్తుంది. అదే రాయికి ఏటవాలుగా ఎండ తగిలితే ప్రతి గుంట పక్కనా ఓ నీడ పుట్టి గరుకుతనం బయటపడుతుంది. అందుకని ఫిబ్రవరిలో ఓ ఆదివారం గుంటూరు ప్రయాణాన్ని ఎండను బట్టి కట్టుకున్నాను. తెల్లవారగానే ఉప్పలపాడు పక్షులు, ఆ తర్వాత మిరప కల్లాలు, సాయంత్రానికి కొండవీడు కోట. గుంటూరులో ఉండే మా బావ స్కూటర్ తీశాడు. ఆయనకు ఫొటోల మీద ఆసక్తి లేదు, దారిలో దొరికే ఇడ్లీల మీద ఉంది.

ఉప్పలపాడు ఊరి చెరువులో తుమ్మచెట్లు, వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. చెట్లు చాలక పక్షుల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. కెమెరాలతో వచ్చినవాళ్లు చాలామంది ఆ ఇనుము కనపడకుండా తీయాలని నానా పాట్లూ పడతారు. పక్షులకు లేని పట్టింపు మనకెందుకో నాకు అర్థం కాదు. నేను తుప్పు మరకలతో సహా తీశాను.

ఇక్కడ అసలు చిక్కు వెలుగుతో. కొంగ తెలుపు, వెనక చెట్టు ముదురు నీడ. చట్రంలో చీకటి ఎక్కువగా ఉంటే కెమెరా తనంతట తాను వెలుగు పెంచేస్తుంది. రెక్కలు సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఈకల గీతలు మాయమవుతాయి. అందుకని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుగును సగం చేసి, షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు పెట్టి కూర్చున్నాను. ఎర్రకాళ్ల కొంగ వాలేటప్పుడు తోక దగ్గరి గులాబీ రంగు ఈకలు ఒక్క క్షణం విచ్చుకుంటాయి. పక్క గూట్లో గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కుంటోంది. "అది తల్లిని తింటోందా, తల్లి దాన్ని తింటోందా?" అన్నాడు బావ. రెట్టల వాసన గురించి ఆయన అన్న మాటలు మాత్రం రాయను.

తిరిగి గుంటూరు దాటి చిలకలూరిపేట రోడ్డెక్కాం. మిరప కల్లాలకు ఇదే అదను. ఎండు మిరపకాయలకు గుంటూరు యార్డు ఆసియాలోకెల్లా పెద్ద మార్కెట్ అని పిల్లలు కూడా చెబుతారు. యార్డులో బస్తాలే కనిపిస్తాయి, కాయ కనిపించేది కల్లంలోనే. పొలం పక్కన నేలంతా ఎరుపు పరిచి ఉంది. ఈ ఎరుపు కెమెరాను మోసం చేస్తుంది. ఫొటోలో వెలుగు ఎంతుందో కెమెరా తెర మీద చూపే గ్రాఫ్ మొత్తం మీద సరిగ్గానే ఉంటుంది, ఎరుపుది విడిగా తెరిచి చూస్తే కుడి అంచుకు గుద్దుకుని ఉంటుంది, అంటే ఎరుపు హద్దు దాటిపోయిందన్నమాట. అలా తీసిన ఫొటోలో వేల కాయలు కలిసి ఒకే ఎర్ర ముద్దయిపోతాయి. గ్రాఫ్ అంచు వదిలేదాకా వెలుగు తగ్గిస్తూ పోతే అప్పుడు ముడతలు, తొడిమలు, కాయ మీది మెరుపు ఒక్కొక్కటే తేలతాయి. పై నుంచి డ్రోనుతో తీసిన ఎర్రటి తివాచీ ఫొటోలు క్యాలెండర్లకు బాగుంటాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఎండ నాకు ఎదురుగా ఉండేలా చూసుకుని, మూరెడు ఎత్తు నుంచి తీశాను. ఘాటుకు తుమ్ములు ఆగలేదు. ముందు నుంచి వెనకదాకా ఎంత మేర స్పష్టంగా వస్తుందన్నది ఒక పక్కన పెడితే, తుమ్మే మనిషి చేతిలో ఫోకస్ నిలవడమే కష్టం.

నా కళ్లు తాలు కుప్ప మీద పడ్డాయి. రంగుపోయి, తెల్లబారి, మచ్చలు తేలిన కాయలు. మంచి కాయల్లో లేని వంద ఛాయలు వాటిలో ఉన్నాయి. కాయలు ఏరుతున్న పెద్దావిడ కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"బాబూ, ఆ తాలు ఎందుకు తీస్తున్నావు? మంచి సరుకు అటు ఉంది."

"రంగులు బాగున్నాయమ్మా."

"నీకు బాగుంటాయి. బేరగాడు చూస్తే రేటు కోస్తాడు. మంచివి తీసి మా వాడి ఫోనుకు పంపు."

మధ్యాహ్నం కొండవీడు కొండ కింద, కత్తులబావిగా పేరుపడ్డ గోపీనాథస్వామి ఆలయంలో గడిపాం. బయట ఎండ మండుతున్నప్పుడు నేల మీద పడ్డ వెలుగు ఎగసి మండపంలోకి మెత్తగా వస్తుంది, స్తంభాల చెక్కడాలకు అది చాలు. బావ ఓ స్తంభానికి ఆనుకుని నిద్రపోయాడు.

కొండవీడు మీదికి ఇప్పుడు ఘాట్ రోడ్డుంది. అద్దంకి నుంచి రెడ్డిరాజులు రాజధానిని ఇక్కడికి మార్చారు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నదీ ఇక్కడే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను గెలుచుకున్నాడు. అంతటి చోట ఇప్పుడు సీతాఫలం పొదలు, చెరువుల గట్లు, కప్పు కూలిన మండపాలు. నాలుగు దాటాక ఎండ గోడ వెంబడి జారడం మొదలైంది. రాళ్ల మధ్య సున్నం రాలిపోయిన చోటల్లా సన్నని నీడ గీతలు. ఆ సందుల్లో పక్షులు వేసిన గింజ మొలిచి రావిచెట్టు అవుతుంది, దాని వేరు లావెక్కేకొద్దీ రాతిని పక్కకు తోస్తుంది. ఒకచోట మణికట్టంత వేరు రెండు బండల మధ్య ఇరుక్కుని ఉంది. ట్రైపాడ్ వేసి, లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి, ముందున్న వేరు నుంచి వెనకున్న గోడదాకా అన్నీ స్పష్టంగా వచ్చేలా తీశాను. ఒరిగిన కప్పుల కిందికి వెళ్లలేదు. ఫొటో కోసం రాయి కదపడం, కొమ్మ విరవడం నాకు నచ్చవు.

ఆ గోడ నిండా పేర్లు. బాణం గుచ్చిన గుండెలు, ఇంటి పేర్లు, ఎవరో తేదీతో సహా చెక్కారు. చెక్కినవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అయినా కంప్యూటర్‌లో వాటిని చెరిపేసి, కోట మనిషి తగలకుండా శిథిలమైనట్టు చూపించడం అంతకన్నా అబద్ధం. కోట పాడవడం ఏనాడో అయిపోయిన కథ కాదు, ఆదివారం ఆదివారం జరుగుతోంది. పేర్లున్న ఫొటోనే పెద్దగా ప్రింట్ వేయించాను. చూసినవాళ్లు మొదట వేరును చూస్తారు, తర్వాత ఎవరి పేరో చదువుతారు, ఆ తర్వాత నన్ను తిడతారు, దాన్ని ఎందుకు తీసేయలేదని.

పెద్దావిడ అడిగిన ఎర్ర కాయల ఫొటో ఆ రాత్రే వాళ్లబ్బాయి ఫోనుకు పంపాను. తాలు ఫొటో మాత్రం వాళ్ల సరుకు యార్డులో అమ్ముడయ్యేదాకా ఎవరికీ చూపించలేదు.