నౌపడా నుంచి గుణుపూర్ దాకా, రాజుగారు వేసిన రైలు దారిలో

హౌరా, చెన్నై మధ్య తిరిగే వాళ్లలో నౌపడా పేరు గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. కిటికీలోంచి తెల్లటి ఉప్పు కుప్పలు కనిపిస్తాయి, అంతలో స్టేషన్ దాటిపోతుంది. పెద్ద లైను నుంచి ఒక కొమ్మ అక్కడే విడిపోయి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా ఒడిశా కొండల అంచున గుణుపూర్ దాకా పోతుంది. పొడవు దాదాపు 90 కిలోమీటర్లు. 2004 వరకు ఈ దారంతా 762 మిల్లీమీటర్ల నేరో గేజ్. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మా ఇళ్లలో దాన్ని చిన్న రైలు అనేవాళ్లు. దాని మీద తిరిగిన మేనమామ పర్లాకిమిడిలో ఉన్నాడు కాబట్టి, ఈసారి ఆయన్ని వెంటబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్లాలనుకున్నాను. ఆయన ముందురోజే టెక్కలిలో చుట్టాలింటికి వచ్చి ఉన్నాడు. నేను నౌపడాలో ప్యాసింజర్ ఎక్కాను, ఆయన టెక్కలిలో ఎక్కాడు.

ఈ రైలు పుట్టింది ఒక రాజుగారి పట్టుదల వల్ల. 1890లలో తూర్పు తీరం వెంట పెద్ద రైలు మార్గం వేశారు. అది సముద్రానికి దగ్గరగా నౌపడా మీదుగా పోయింది. పర్లాకిమిడి అక్కడికి 40 కిలోమీటర్లు లోపల మిగిలిపోయింది. అంత పెద్ద సంస్థానానికి రాజధాని అయినా, రైలు ఎక్కాలంటే ఎద్దుబండి కట్టుకుని నౌపడా రావాల్సిందే. అప్పటి రాజా గౌరచంద్ర గజపతి ఆ 40 కిలోమీటర్లూ తానే వేయిస్తానన్నాడు. 1898లో పని మొదలైంది. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. ఖర్చు సుమారు ఏడు లక్షల రూపాయలు. కిలోమీటరుకు పదిహేడున్నర వేలన్నమాట. అంత తక్కువలో అయిందంటే కారణం ఆ ఇరుకు పట్టాలే. కట్ట వెడల్పు తక్కువ చాలు, వంతెనలు తేలిగ్గా కట్టొచ్చు, మట్టి పని తగ్గుతుంది, గుట్ట అడ్డమొస్తే తవ్వకుండా వంపు తిప్పుకుని పోవచ్చు. ఇలాంటి చిన్న రైళ్లు, అంటే లైట్ రైల్వేలు, ఆ కాలంలో దాదాపు ఒకే అవసరానికి పుట్టాయి. పెద్ద రైలు రాని చోటికి తక్కువ ఖర్చుతో మనుషుల్ని, సరుకుల్ని చేర్చడం.

మొదటి పదేళ్లూ నష్టమే. 1910 తర్వాత కొద్దిగా లాభం కనిపించింది, 1920ల మధ్యలో బాగా పెరిగింది. ఆ ధైర్యంతోనే తర్వాతి రాజా కృష్ణచంద్ర గజపతి లైనును గుణుపూర్ వైపు పొడిగించారు. 1929లో ఒక ముక్క, 1931లో మిగతాది. నష్టం వచ్చినన్నాళ్లూ మూసెయ్యకుండా నడిపించడమే నాకు ఇందులో గొప్పగా అనిపిస్తుంది. ఆ ఓపిక లేకపోతే గుణుపూర్‌కి రైలే వచ్చేది కాదు.

టెక్కలి దాటాక రెండు వైపులా కోత అయిపోయిన వరి మళ్లు, అక్కడక్కడా కుప్పలు, తాటి చెట్లు. ఉత్తరాన కొండలు దూరంగా నీలంగా కనబడుతుంటే, అటే మహేంద్రగిరి అని మావయ్య చెయ్యి చాపి చూపించాడు. అది 1,501 మీటర్ల ఎత్తు, గజపతి జిల్లాలో ఉంది.

చిన్న రైలు ఎలా ఉండేదని అడిగితే ఆయన మొదట సరుకుల గురించే చెప్పాడు. "ఒరే అల్లుడూ, పైకి ఉప్పు, కిందకి చింతపండు. అదీ ఆ బండి" అన్నాడు. నౌపడా మడుల ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు కొండవైపు వెళ్లేవట. అటునుంచి చింతపండు, అడ్డాకులు, చీపుళ్లు, పసుపు, అల్లం దిగేవట. సంత రోజున మనుషులకన్నా మూటలే ఎక్కువ. ఎదురెదురు బల్లల మీద కూర్చుంటే మోకాళ్లు తగిలేవి. పొగ ఇంజన్ నీళ్లు పట్టుకోడానికి ఆగితే జనం దిగి టీ తాగి, తీరిగ్గా మళ్లీ ఎక్కేవారు. 1990ల మొదట్లో పొగ ఇంజన్లు పోయి డీజిల్ వచ్చింది. "నలుసు కళ్లల్లో పడడం మానీసింది గానీ, బండి జోరు మాత్రం పెరగలేదురా" అన్నాడు. చెప్తున్నంతసేపూ ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది.

పాతపట్నం స్టేషన్ బోర్డు మీద తెలుగు ఉంది. అక్కడ నీలమణి దుర్గ గుడికి వచ్చినవాళ్లు కొంతమంది దిగారు. తర్వాతి స్టేషన్ పర్లాకిమిడి. బోర్డు మీద ఒడియా వచ్చింది. మహేంద్రతనయ ఒడ్డున ఇంత దగ్గరగా ఉన్న రెండు ఊళ్లు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. పెట్టెలో మాటలు మాత్రం మారలేదు. మా ఎదురుగా కూర్చున్న ఇద్దరాడవాళ్లు ఒకరితో ఒకరు తెలుగులో, టీ అబ్బాయితో ఒడియాలో, మళ్లీ మాతో తెలుగులో మాట్లాడారు. మధ్యలో తడుముకోవడం అన్నది లేదు.

రైలు వచ్చినప్పుడు ఈ హద్దు లేదు. నౌపడా, పర్లాకిమిడి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోవే. గుణుపూర్ విశాఖపట్నం జిల్లాలో, జయపురం సంస్థానంలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. సరిగ్గా రైలు మొదలైన తేదీనే, 36 ఏళ్ల తర్వాత. పర్లాకిమిడి పట్నం ఒడిశాలోకి వెళ్లింది, సంస్థానం రెండు ముక్కలైంది, లైను ఒక కొస మద్రాసు వైపు, మరో కొస ఒడిశా వైపు మిగిలాయి. కొత్త రాష్ట్రం కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లి వాదించింది కృష్ణచంద్ర గజపతే. 1937లో ఒడిశాకు మొదటి ప్రధాని అయ్యారు, అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని అలాగే అనేవారు. లైనును గుణుపూర్ దాకా పొడిగించిన సంవత్సరాలూ, ఆయన ఆ పోరాటంలో ఉన్న సంవత్సరాలూ ఒకటే.

అదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు 1880 నుంచి పంతులుగా ఉన్నారు. ఈ కొండల్లో ఉండే గిరిజనులైన సవర వాళ్లను ఇంటికి పిలిచి, వాళ్ల దగ్గరే వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. మనం ఇవాళ వాడుక భాషలో రాసుకుంటున్నామంటే అందులో ఆయన కష్టం ఉంది. తెలుగువాళ్లు అంతమంది ఉన్న ఊరిని ఒడిశాలో కలిపినందుకు నిరసనగా 1936లో ఆయన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి వయసు డెబ్బై దాటింది. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఆ సంగతి తల్చుకుంటే నాకు గుండె బరువెక్కింది. రాజుగారి వాదనలో న్యాయం ఉంది. గిడుగు వారి బాధలోనూ న్యాయం ఉంది. ఇద్దర్నీ గౌరవించకుండా ఈ ఊరి గురించి మాట్లాడకూడదని నా నమ్మకం.

ఆ రాత్రి మావయ్యగారింట్లో ఆగాం. పొద్దున్నే ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చేసే పని చూపించాడు. పశువుల కొమ్మును వేడి చేసి సాగదీసి, కొంగలు, రొయ్యలు చేస్తారు. రొయ్య మీసాలు దారమంత సన్నగా వస్తాయి. ఈ ఊరి పేరు బయట వినిపించేది ఎక్కువగా ఈ పనివల్లే.

రెండో విడత దారి మొదటి దానికన్నా అందంగా ఉంటుంది. కాశీనగర్ వచ్చేసరికి వంశధార దగ్గరవుతుంది. కొండలు కూడా దగ్గరకొస్తాయి. పెట్టెలో సవర మాటలు వినిపించడం మొదలైంది. సవర వాళ్లకు సొంత లిపి కూడా ఉంది. సొరంగ్ సొంపెంగ్ అంటారు, మంగెయ్ గొమాంగో 1936లో తయారు చేశారు. అదే 1936. రాష్ట్రాల గీతలు గీసిన ఏడాదే ఈ కొండల్లో ఒక భాషకు అక్షరాలు వచ్చాయని తెలిసినప్పటి నుంచి ఆ సంవత్సరాన్ని నేను ఒక్క విభజనగా చూడలేకపోతున్నాను.

బ్రాడ్ గేజ్ గురించి మావయ్యకూ నాకూ కొంచెం వాదన జరిగింది. చిన్న రైలును తీసెయ్యకుండా ఉండాల్సిందని ఆయన బాధ. 2004 జూన్‌లో అది ఆగిపోయింది. పెద్ద పట్టాల మీద 2010 ఆగస్టులో పర్లాకిమిడి వరకు, 2011 జూలైలో గుణుపూర్ వరకు బండ్లు వచ్చాయి. అంటే గుణుపూర్ వాళ్లు ఏడేళ్లు రైలు లేకుండా బస్సులు, జీపుల మీద గడిపారు. ఆ ఏడేళ్లూ చాలా ఎక్కువ, అందులో ఆయన మాటే నాదీ. మార్చడం మాత్రం అవసరమే అంటాను. పాత రోజుల్లో నౌపడాలో ప్రతి మూటా చిన్న బండి నుంచి దించి పెద్ద బండిలోకి ఎక్కించాలి. ఒంట్లో బాగాలేని మనిషినైనా అలాగే చేతులమీద మార్చాలి. ఇప్పుడు గుణుపూర్‌లో ఎక్కినవాళ్లు నేరుగా విశాఖపట్నంలో దిగుతున్నారు. మా పెట్టెలోనే ఒక తండ్రి కూతుర్ని డాక్టరుకు చూపించి తిరిగొస్తున్నాడు. దారిలో బండి మారే పని లేకుండా పిల్ల అతని ఒళ్లో నిద్రపోయి ఉంది. మావయ్య ఆ పిల్లను చూసి, "సరేలే, అదీ నిజమే" అన్నాడు.

గుణుపూర్‌లో లైను ఆగిపోతుంది. అక్కడి నుంచి తేరుబలి వరకు కొత్త లైను మంజూరైంది. తేరుబలి రాయగడ దగ్గర, విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే లైను మీద ఉంది. అది పూర్తయితే ఈ కొమ్మ రెండు వైపులా పెద్ద లైన్లకు కలుస్తుంది, కొండల్లో పండే అల్లం, పసుపు అటు రాయ్‌పూర్ వైపు కూడా రైల్లోనే పోతాయి. అది త్వరగా రావాలని స్టేషన్ బయట టీకొట్టు దగ్గర అడిగిన ప్రతివాళ్లూ అన్నారు. ఆ బండి మొదలైన రోజున నౌపడాలో ఎక్కి తేరుబలిలో దిగాలని మావయ్య, నేను ఇప్పుడే అనుకున్నాం.