పక్కన పెట్టిన ఏనుగు

కువైట్ నుంచి సెలవు మీద వచ్చి వారమైంది. కోవూరు దగ్గరి మా ఊరిలో, రామాలయం అరుగు మీద, బాబాయితో మళ్ళీ చదరంగం ఆడుతున్నాను. ఎప్పుడో పోయిన బంటుకు బదులు పెట్టిన చింతగింజే ఇప్పటికీ బంటుగా నడుస్తోంది. ఆట మధ్యలో బాబాయి లేచి వెళ్ళి మడికి నీళ్ళు మళ్ళించి వచ్చినా ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. ఆలోచనలో ఉన్న మనిషిని తొందరపెట్టడమే తప్పు. ఆ అలవాటుతోనే కువైట్‌లో నేనుండే మహబౌలాలో, మా పక్క గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అతనితో ఆటకు కూర్చుని మాట పడ్డాను.

ఆ శుక్రవారం ఒక్క గుర్రాన్ని కదపడానికి నాకు పావుగంట పట్టింది. అతను ఫోనులో, ఇద్దరి సమయాన్నీ విడివిడిగా లెక్కగట్టే చెస్ గడియారం తెరిచి బల్ల పక్కన పెట్టి, ఇకమీదట మనిషికి పది నిమిషాలేనని, నా ఆలోచన తెగేదాకా కూర్చుంటే తన సెలవంతా అక్కడే తెల్లారిపోతుందని అన్నాడు. మనసు చివుక్కుమంది. మాంచెస్టర్‌కు చెందిన థామస్ బ్రైట్ విల్సన్ తయారుచేసిన జంట గడియారాన్ని 1883లో లండన్ పోటీలో వాడారంటే అర్థం ఉంది, ఎందుకంటే బహుమతి ఉన్నచోట ఎదుటివాడు గంటల తరబడి ఎత్తు వేయకుండా కూర్చుంటే కట్టడి కావాలి. కానీ టీ తాగుతూ ఆడుకునే ఇద్దరి మధ్య అది దేనికని వాదించాను. మనీలా మాకంటే అయిదు గంటలు ముందుంటుందని, మా సాయంత్రం నాలుగింటికి అక్కడ రాత్రి తొమ్మిదని, కూతురు నిద్రపోయేలోగా ఫోను చేయాలని అతను చెప్పాడు. బల్ల కోసం ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారు. వారానికి దొరికేది ఆ ఒక్క రోజే. అతని మాట కాదనలేకపోయాను, అలాగని ఒప్పుకోనూ లేకపోయాను.

పై శుక్రవారం నాకు పదిహేను నిమిషాలు, తనకు అయిదు పెట్టుకున్నాడు. మొత్తం ఆ ఇరవయ్యే, కానీ నన్ను చేతగానివాడి కింద లెక్కగట్టాడన్న బాధ నెలల తరబడి నాలో ఉండిపోయింది.

నిన్న ఇదంతా బాబాయికి చెప్పాను. ఆయన బల్ల మీది నుంచి తల ఎత్తకుండానే, "ఏందబ్బయా, నీకు ఆట నేర్పేటప్పుడు నా ఏనుగును తీసి పక్కన పెట్టుకొని ఆడలా? అప్పుడు అలిగినావా?" అని అడిగాడు.

అలగలేదు. ఆయన ఆ ఏనుగును అరుగు అంచున, తువ్వాలు పక్కన పెట్టుకునేవాడు. నేను మొట్టమొదటిసారి గెలిచిన మర్నాడు, ఏమీ చెప్పకుండా, దాన్ని తిరిగి మూల గడిలో నిలబెట్టాడు. నేను సెలవు మీద బయలుదేరే ముందటి శుక్రవారం అతనూ ఏమీ చెప్పకుండా ఇద్దరికీ పదేసి నిమిషాలు పెట్టాడు, దాన్ని కూడా నేను బింకమే అనుకున్నాను.