నెబ్రాస్కాలో నా తొలి సెనేట్ ఓటు

అమెరికా పౌరసత్వ ప్రమాణం అయ్యాక ఓటరుగా నమోదు కావడం చిటికెలో పని. ఇల్లు మారినప్పుడు జాబితాలో చిరునామా కూడా మార్పించుకున్నాను. 2024లో మా నెబ్రాస్కా రాష్ట్రం నుంచి సెనేట్ (అమెరికా పార్లమెంటు ఎగువ సభ) సీటుకు జరిగే ఎన్నికలో నా ఓటు పోకూడదనుకున్నాను. పోటీ అలాంటిది మరి. 2012లో తొలిసారి గెలిచిన రిపబ్లికన్ సెనేటర్ డెబ్ ఫిషర్‌ది వాలెంటైన్ దగ్గర పశువుల పెంపకం చేసే కుటుంబం. ఆమెకు ఎదురు నిలిచిన డాన్ ఆస్‌బోర్న్‌కు ఏ పార్టీ టికెట్టూ లేదు. 2021లో ఒమాహాలోని కెలాగ్స్ కర్మాగారంలో సమ్మె నడిపిన మెకానిక్. డెమొక్రాట్లు అభ్యర్థినే పెట్టలేదు. 2018లో దాదాపు 58 శాతం ఓట్లతో గట్టెక్కిన ఫిషర్‌కు ఈసారి సర్వేలు చెమటలు పట్టించాయి.

2024 నవంబరు 5న చర్చి హాలులో వరుసలో నిలబడ్డాను. 2022లో ఓటర్లే ఆమోదించిన నిబంధన ప్రకారం ఫోటో గుర్తింపు చూపాలి. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాను. బల్ల దగ్గరున్నావిడ పేరూ ఫోటో చూడకుండా చిరునామా మీద వేలు పెట్టి, "ఇది మా జాబితాలో ఉన్న ఇల్లు కాదు" అన్నారు. లైసెన్సు మీద పాత ఇల్లే ఉంది. అయితే ఏమిటి? కార్డు మనిషిని పోల్చుకోవడానికే. చిరునామా కలవాలని చట్టంలో లేదు. గడువు తీరిన లైసెన్సు కూడా చెల్లుతుంది. అదే చెప్పాను. ఆవిడ కార్డు వెనక్కి తిప్పి చూసి, హాలంతా వినపడేలా "అసలు మీరు ఈ దేశ పౌరులేనా?" అన్నారు.

నా వెనక మా వీధివాళ్లు ఉన్నారు. నాకంటే ముందు వెళ్లిన పెద్దాయన కార్డును ఆవిడ సరిగా చూడను కూడా లేదు. తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా పన్నులు కట్టించుకునేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదే! ప్రొవిజనల్ బ్యాలెట్ తీసుకోమన్నారు. ససేమిరా అన్నాను. అది అక్కడికక్కడే లెక్కలోకి రాదు, విడిగా పరిశీలించాలి. మీకూ ఇలా జరిగితే వరుసలోంచి కదలకండి, పై అధికారిని పిలిపించండి. నేను పిలిపించిన అధికారి వచ్చి నిబంధనల కాగితం చూసి బ్యాలెట్ ఇప్పించారు. క్షమించమన్నది కూడా ఆయనే. ఆవిడ తలెత్తలేదు.

ఆ తర్వాత నల్ల పెన్నుతో గడులు నింపడమే. కాగితానికి రెండు వైపులా ఉంటుంది, తిప్పడం మరవకండి.

చివరికి ఫిషరే గెలిచారు, సుమారు 53 శాతంతో. ట్రంప్‌కు 20 శాతం ఆధిక్యం ఇచ్చిన రాష్ట్రంలో ఆమె ఆధిక్యం ఏడు శాతం లోపే! ఎవరికి వేశానో మా ఆవిడకు కూడా చెప్పలేదు. బల్ల దగ్గర జరిగినది మాత్రం పూసగుచ్చినట్టు రాసి ఎన్నికల కార్యాలయానికి పంపాను.