కొబ్బరి మట్ట అనుకున్నాను

శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటల సీమ అయిన ఉద్దానంలో పుట్టినవాడి కంటికి రోడ్డు మీద పొడుగ్గా పడి ఉన్నది ఏదైనా ముందు కొబ్బరి మట్టలాగే కనిపిస్తుంది. దుబాయ్‌లో ఎమిరేట్స్ రోడ్డు మీద తెల్లవారుజామున తొమ్మిది మందిని సైటుకు తీసుకువెళుతున్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఈ ఎడారిలో మట్ట ఎక్కడిదని తట్టేలోపు, ముందు వెళుతున్న ట్రైలర్ చక్రం దాన్ని ఎత్తి మా వ్యాన్ మీదికి కొట్టింది. బంపరు చీలింది, రేడియేటర్ కారిపోయింది.

అది లారీ టైరు పై పొర. అరిగిన టైరుకు కొత్త రబ్బరు అతికించి మళ్ళీ వాడతారు; మన దగ్గర రీసోలింగ్ అంటాం. గాలి తగ్గిన టైరు మీద బరువు ఎక్కువై, కాగిన రోడ్డు మీద గంటల తరబడి పరుగెడితే ఆ పొర పట్టీలుగా ఊడిపోతుంది. తర్వాత దగ్గరగా చూశాను. చేయి పొడవుంది. మొసలి వీపులా గట్లు గట్లుగా ఉంది. అంచుల్లోంచి సన్నటి ఉక్కు తీగలు ముళ్ళలా పొడుచుకొచ్చాయి. అది రేడియేటర్‌కు కాకుండా అద్దానికి తగిలి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

కానీ ఆ నిమిషంలో నా భయం వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటను నేలమట్టం చేశాక అప్పు చేసి విమానం ఎక్కినవాణ్ణి. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలు కాపుకు వచ్చేదాకా నా జీతమే ఇంటికి ఆధారం. "బండి నీ చేతిలో ఉన్నంతసేపు దెబ్బ పడితే నీ జీతంలోంచే" అని మా సూపర్‌వైజర్ చేరిన మొదటి రోజే చెప్పాడు.

వణుకుతున్న చేతులతో మా వైపు కవిటి ఊరి అన్నకు ఫోన్ చేశాను. ఆయన అక్కడ పదిహేనేళ్ళుగా బండి తోలుతున్నాడు. "ముందు బండిని రోడ్డు అంచుకు తీయి తమ్ముడూ. మనుషులను కంచె అవతల నిలబెట్టు. ఫోటోలు తీయి. పోలీసు కాగితం చేతికి వచ్చేదాకా ఎవరినీ బండి మీద చెయ్యి వేయనివ్వకు" అన్నాడు.

అక్కడి పద్ధతి అది. పోలీసు కాగితం లేనిదే ఏ గ్యారేజీ కూడా దెబ్బతిన్న బండిని ముట్టుకోదు. తప్పు చేసినవాడికి ఎర్ర కాగితం, తప్పు లేనివాడికి ఆకుపచ్చ కాగితం అని డ్రైవర్లందరికీ తెలుసు. ట్రైలర్ ఎప్పుడో వెళ్ళిపోయింది, నంబరు చూడలేదు. ముందు బండికి ఎంత దూరంలో ఉన్నావన్నదే పోలీసు అడిగిన మొదటి ప్రశ్న. నేను చాలినంత దూరం ఉంచానని వెనక కూర్చున్నవాళ్ళు ముక్తకంఠంతో చెప్పారు. నాది తప్పని కాగితంలో రాయలేదు. ఆఫీసులో దాన్ని బల్ల మీద పెట్టిన తర్వాత జీతం కోత మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తొమ్మిది మంది రుణం నేను తీర్చుకోలేను.

మొన్న సంక్రాంతికి సెలవు మీద వచ్చాను. బావ కారులో పలాస నుంచి టెక్కలి వెళుతుంటే ముందున్న గ్రానైట్ లారీ నుంచి బండ ముక్క ఒకటి జారింది. అది రోడ్డుకు తగిలి చిట్లితే, ఒక పలుకు ఎగిరి మా ముందు అద్దానికి తాకింది. శనగగింజంత గుంట, చుట్టూ నక్షత్రంలా నాలుగు గీతలు. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి ముక్కలు ముఖం మీద పడలేదు.

"చిన్నదే కదా" అన్నాడు బావ. చిన్నదిగా ఉన్నప్పుడే జిగురు నింపి ఆపగలరు. ఎండలో కాగిన అద్దానికి లోపలి నుంచి ఏసీ చల్లదనం తగిలితే గీత సాగుతుంది, అప్పుడు అద్దమే మార్చాలి. కారు పక్కకు తీయించి ఏసీ ఆపించాను. బీమా వాళ్ళకు చెప్పకుండా మరమ్మతు చేయించవద్దన్నాను. బీమా డబ్బులో అద్దానికి తరుగుదల (వాడకంతో తగ్గిన విలువ) కోయరు, బంపరు లాంటి ప్లాస్టిక్ భాగాలకైతే సగం కోస్తారు. అయితే క్లెయిమ్ పెడితే ఏటేటా పెరుగుతూ వచ్చిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. జిగురు ఖర్చు దానికంటే చాలా తక్కువ కాబట్టి చేతి నుంచే పెట్టుకుందామని బావ తేల్చాడు. నాకూ అదే సరైనదనిపించింది.

ఇంతలో ఆయన తలుపు తెరిచి వెనక్కి పరుగెత్తబోయాడు, రోడ్డు మధ్యలో పడి ఉన్న ఆ బండను తీసేద్దామని. మంచి మనసే. కానీ గభాలున చొక్కా పట్టుకుని లాగాను. మరుక్షణం ఒక బస్సు హారన్ మోగిస్తూ మా పక్కనుంచి దూసుకుపోయింది.

జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి మీది అంకె చెప్పాను. హైవే గస్తీ బండి వచ్చింది. ఒకతను ఎర్ర జెండా పట్టుకుని నిలబడితే, ఇంకొకతను గునపంతో ఆ బండను అంగుళం అంగుళం తోసి గట్టు దింపాడు. అది కిందికి దొర్లేదాకా బావా నేనూ ఎండలో అక్కడే నిలబడ్డాం.